ఊదారంగు మీద దావా

మా బజారులో సబ్బుకు పేరుండదు, రంగుంటుంది. చాపత్తకూ అంతే, అగరుబత్తికీ అంతే. గోదావరిఖనిలో మా నాన్న పెట్టిన కిరాణా దుకాణంలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. వచ్చేవాళ్లలో చాలామంది ఎర్ర ప్యాకెట్ అంటారు, పచ్చ డబ్బా అంటారు, ఊదా సబ్బు అంటారు. తయారుచేసినవాడు ప్యాకెట్ మీద ఎంత మంచి పేరు అచ్చువేయించుకున్నా దాన్ని పలికే నోరు మా దగ్గర తక్కువ. కంపెనీ అనే మాట కూడా ఇక్కడ ఒక్క బొగ్గు కంపెనీకే చెల్లుతుంది. అందుకే నేను చెప్పబోయే పెద్ద కంపెనీని సబ్బు కంపెనీ అంటాను. దాని పేరు మీ ఇంట్లో బట్టలుతికే బండ దగ్గర ఉండే ఉంటుంది.

మా నాన్న అక్కకూ నాకూ గల్లా పక్కన కూర్చోబెట్టి అక్షరాలు నేర్పాడు. అక్షరాలకన్నా ముందు రెండు సూత్రాలు నేర్పాడు. ఎదుటివాడికి ఆ వస్తువు ఎందుకు కావాలో తెలిసేదాకా ధర నోట్లోంచి రాకూడదు, ఇది మొదటిది. కొనడానికి వచ్చిన గిరాకీతో లేదు అనకూడదు, ఇది రెండోది. దుకాణంలో ఆ మాట అశుభం. బియ్యం అయిపోతే నిండుకున్నాయనాలి. అడిగిన సరుకు లేకపోతే దాని పక్కన ఉన్నది చేతిలో పెట్టి "గదే ఇది, పేరే వేరు" అనాలి. నేను మొదటి సూత్రంలో ఆరితేరాను. ఎంతగా అంటే, దవాఖానలో డాక్టరు ఐదు రోజులకు మందులు రాస్తే మూడు రోజులకు ఒప్పించుకుని, ఏదో గెలిచినట్టు ఇంటికొచ్చి, మళ్లీ జ్వరంతో మంచమెక్కిన మనిషిని. అక్క రెండో సూత్రంలో ఆరితేరింది. ఆమె దగ్గరినుంచి ఒట్టి చేతులతో తిరిగిపోయిన గిరాకీని నేను చూడలేదు.

అక్కను బొగ్గు బాయిలో పనిచేసే బావకిచ్చారు. కొట్టు మనుషుల సంబంధాలు రాక కాదు. నెల తిరిగేసరికి జీతం వచ్చే అల్లుడైతే మామ దుకాణంలో ఉద్దెర పెట్టడని మా నాన్న లెక్క. బావ డ్యూటీ బట్టలు ఉతకడం దగ్గరే అక్క సబ్బు పని మొదలైంది. బాయిలోంచి వచ్చిన బట్టలకు అంటేది మామూలు మట్టి కాదు. బొగ్గుపొడి, మిషన్ల నూనె, చెమట కలిసి దారాల్లోకి దిగిపోతాయి. ఉతికిన నీళ్లు నల్లగా పోతూనే ఉంటాయి, బట్ట మాత్రం తెల్లబడదు. అక్క ఎవరి దగ్గరో నేర్చుకుని, తవుడు నూనె, కాస్టిక్ సోడా, సిలికేట్ పాళ్లు మార్చి మార్చి చూసి, చేతులు రెండుసార్లు కాల్చుకుని, చివరికి ఆ నలుపును వదిలించే గట్టి సబ్బు ఒకటి తేల్చింది. మొదట పక్క క్వార్టర్ల వాళ్లు అడిగి పట్టుకుపోయారు. తరువాత కాలనీ అంచున రేకుల షెడ్డు ఒకటి కిరాయికి తీసుకుంది. అక్కతో కలిపి నలుగురు ఆడవాళ్లు. పెద్ద గంగాళంలో ఉడికించి, చెక్క చట్రాల్లో పోసి, గట్టిపడే సమయం చూసి తీగతో కోసి, అచ్చు కొట్టి, కాగితం చుట్టేవాళ్లు.

ఆ కాగితం ఊదారంగు. మధ్యలో తెల్లచార.

ఎందుకు ఆ రంగే అంటే, మా వైపు బట్టల సబ్బును ఊదా సబ్బనే అడుగుతారు కాబట్టి. సబ్బు కంపెనీ వాళ్ల సబ్బు ఊదా కాగితంలో, తెల్లచారతో ఎప్పటినుంచో వస్తున్నది. అక్క సబ్బు మీద పేరు వేరు, అక్షరాలు తెలుగువి, బొమ్మ వేరు. కాగితాలు అచ్చువేసినవాడు ఆకుపచ్చ కూడా చూపించాడు. ఆకుపచ్చ కాగితం చుడితే గిన్నెల సబ్బు అనుకుంటారని అక్క వద్దన్నది. నన్నడిగినా నేనూ అదే చెప్పేవాణ్ణి. దుకాణదారుడికి రంగు అంటే బోర్డు. గిరాకీ కన్ను ఎక్కడ ఆగుతుందో అక్కడ సరుకు పెడతాం.

రెండేళ్ల కింద ఒక పగలు, ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి ఒకాయన అక్క షెడ్డుకు వచ్చి రెండు సబ్బులు కొన్నాడు. ఇది ఆ పెద్ద కంపెనీ సబ్బేనా అని అడిగాడు. అక్క మా నాన్న నేర్పిన మాటే అన్నది, గదే ఇది అని. ఆయన జేబులోని ఫోను ఆ మాట విన్నది. ఆ సంగతి మాకు అప్పుడు తెలియదు.

కొన్ని వారాలకు ఒక ఉదయం నేను దుకాణం తీసి, దేవుడి పటానికి బత్తి వెలిగిస్తుంటే అక్క ఫోను చేసింది. "తమ్మీ, దుకాణం ఇడిసిపెట్టి జల్ది రా. నా సబ్బులకు సీలేస్తున్నరు."

నేను పోయేసరికి షెడ్డు ముందు రెండు కార్లు ఉన్నాయి. హైదరాబాద్ కోర్టు పంపిన అడ్వకేట్ కమిషనర్, నాకన్నా బాగా చిన్నదైన లాయరమ్మ, ఫైలు పట్టుకుని నిలబడింది. వెంట సబ్బు కంపెనీ మనుషులు ఇద్దరు, వీడియో తీసేవాడొకడు, మా ఠాణా నుంచి ఒక కానిస్టేబుల్. మా మాట వినకముందే కోర్టు ఆర్డరు ఇచ్చిందట. ముందే చెబితే సరుకు దాచేస్తారని అలా ఇస్తారట. బావ నైటు షిఫ్టు చేసి వచ్చి అప్పుడే పడుకున్నాడు. లేపితే బనీను మీద వచ్చి, కళ్లచుట్టూ కడిగినా పోని బొగ్గు గీతతో, ఏమీ అర్థంకాక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆ వీడియో వాడు ఆయన్ను కూడా తీశాడు.

నిలబడి బేరం చేయకూడదన్నది మా వంశ ధర్మం. కుర్చీలు తెప్పించాను, చాయ్ చెప్పాను. లాయరమ్మ కుర్చీ వద్దన్నది. చాయ్ వద్దన్నది. సంచిలోంచి తన సీసా తీసి తన నీళ్లు తాగింది. మన నీళ్లు తాగనివాళ్లతో బేరం కుదరదని నాకు ఆ క్షణమే అర్థం కావాలి. కాలేదు. సగం సబ్బులు సీలు చేసి సగం వదిలేయమని అడిగాను. తరువాత మూడో వంతుకు దిగాను. తెల్లవారుజామున చట్రాల్లో పోసిన పచ్చి సబ్బు ఉన్నది, దాన్ని సాయంత్రంలోగా కోయకపోతే రాయి అయిపోతుంది, కనీసం అదైనా కోసుకోనివ్వమని అడిగాను.

"సార్, ఇది బేరం కాదు, ఆర్డరు," అన్నది ఆమె. కోపంగా కాదు. నన్ను చూసి జాలిపడ్డట్టే అన్నది. పచ్చి సబ్బు గురించి నేను అడిగినట్టు మాత్రం తన కాగితంలో రాసుకున్నది.

చట్రాలతో సహా లోపల పెట్టి షెడ్డుకు తాళం వేసి, గుడ్డ చుట్టి, లక్క పోసి ముద్ర కొట్టారు. పనిచేసే ఆడవాళ్లలో ఒకామె చేతిలో సబ్బు కోసే తీగ అలాగే ఉండిపోయింది. దాన్ని సరుకు కింద రాసుకోవాలా వద్దా అని వాళ్లలో వాళ్లు కాసేపు మాట్లాడుకుని, వద్దనుకున్నారు. ఆమె దాన్ని కొంగుకు చుట్టుకుని ఇంటికి పోయింది.

అప్పటినుంచి మా ఇంట్లో ఒక్కటే ప్రశ్న. షెడ్డు మళ్లీ తెరుచుకుంటుందా, తెరుచుకోదా.

హైదరాబాద్‌లో మాకు దొరికిన వకీలు మా జిల్లా మనిషే, పెద్దాయన. ఆయన ముందు దావా కాగితాలన్నీ చదివి, కళ్లద్దాలు తీసి, అక్కతో చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. "ఇది నీ మీద కోపంతోని ఏసిన దావా కాదమ్మా. నువ్వు ఎవరో వాళ్లకు తెల్వది. నీ కన్నా ముందే దీంట్ల తీర్పు అయిపోయింది."

ఆయన విడమరిచి చెప్పింది ఇది. ఈ సబ్బు కంపెనీకీ దానంత పెద్దదైన ఇంకో కంపెనీకీ ఎన్నో ఏళ్లు ఇదే రంగు మీద కొట్లాట నడిచింది. ఇంకో కంపెనీ కూడా ఊదా కాగితంలో సబ్బు తెచ్చింది. ఇటు పేరుమోసిన వకీళ్లు, అటు పేరుమోసిన వకీళ్లు. ఆ దావాలో జడ్జి ఒక సంగతి తేల్చాడు. జనం ఒక సరుకును రంగుతోనే గుర్తుపడుతున్నప్పుడు ఆ రంగు కూడా ఆ వ్యాపారి ఆస్తే. అది ఇంకొకడు వాడితే కొనేవాడు మోసపోతాడా లేదా అన్నది చూడాలి. ఆ చూడటం కూడా తీరిగ్గా పక్కపక్కన పెట్టి పోల్చేవాడి కంటితో కాదు. తొందరలో ఉన్నవాడు, ఎప్పుడో చూసినది మసకగా గుర్తున్నవాడు, చదవడం రానివాడు, వాడి కంటితో చూడాలి. ఆ తీర్పు వచ్చాక రెండు కంపెనీలూ పైకోర్టుకు పోకుండా రాజీపడ్డాయి. ఆ రెండోది తన కాగితం రంగు మార్చుకున్నది. మార్చుకునే స్థోమత దానికున్నది, టీవీలో నెలరోజులు ప్రకటనలు వేస్తే జనం కొత్త రంగుకు అలవాటుపడతారు. వాళ్ల కథ ముగిసింది. తీర్పు మాత్రం మిగిలింది.

ఆంబోతులు కొట్లాడుకుంటే లేగదూడల కాళ్లు విరుగుతాయంటారు. ఇక్కడ ఆంబోతులు రాజీపడి ఒకే చేన్లో మేస్తున్నాక కూడా దూడల కాళ్లు విరుగుతున్నాయి.

నాకు నిజంగా కడుపులో మండింది వేరే దానికి. ఆ రంగు తమదేనని సబ్బు కంపెనీ చూపించిన సాక్ష్యం ఏమిటంటే, మా వంటి ఊళ్లలో జనం పేరు చెప్పరు, ఊదా సబ్బు అంటారు అని. అంటే మా బజారు మాటే. మేము మా సౌకర్యం కోసం ఏళ్ల తరబడి ఊదా ఊదా అని పిలిచి పిలిచి ఆ రంగును మా నోటితోనే వాళ్లకు రాసిచ్చాం. పైగా అక్క అన్న మాట. ఇస్త్రీ చొక్కా మనిషి ఫోనులో పట్టుకున్న ఆ ఒక్క మాటను ఇంగ్లీషులోకి తిప్పి, ప్రమాణ పత్రంలో పెట్టారు. గల్లా దగ్గర మర్యాదగా ఉన్న మాట అక్కడ మోసంగా నిలబడింది. బజారులో ఎవర్ని అడిగినా ఆ మాటే అనేవాళ్లు. నన్ను అడిగి ఉంటే నేను ఇంకా రెండు మాటలు కలిపి, ఒకే ఫ్యాక్టరీ, ఒకే నూనె, ఒకే మేస్త్రీ అని చెప్పి ఉండేవాణ్ణి. ఆయన నా దుకాణానికి రాకపోవడం నా అదృష్టం, నా తెలివి కాదు.

మన గిరాకీలు ఎవరూ మోసపోలేదని చూపించగలిగితే కొంచెం బలం ఉంటుందని వకీలు అన్నాడు. పాత గిరాకీ ఎవరైనా వచ్చి, ఇది వేరు అది వేరు అని తెలిసే కొంటున్నానని ప్రమాణం చేసి రాసివ్వాలి. నాకు వెంటనే ఒక అవ్వ గుర్తొచ్చింది. పాత క్వార్టర్లలో కొడుకు దగ్గర ఉంటుంది. భర్త బాయిలో చేసి పోయాడు, ఆ కొలువు కొడుక్కు వచ్చింది. షెడ్డు పెట్టిన మొదటి వారం నుంచీ అక్క దగ్గరే సబ్బు కొంటున్నది. వంకాయ కొన్నా గిల్లి చూసి, వాసన చూసి, తొడిమె విరిచి చూసి, చివరికి పక్క బండి దగ్గర కొనే మనిషి. నా వంటివాణ్ణి కూడా రెండుసార్లు ఓడించింది. చదవడం రాని మనిషి కంటితో చూడాలన్నాడు కదా ఆ జడ్జి, ఈ కన్ను చూస్తే తెలుస్తుంది ఆయనకు అనుకున్నాను.

అక్కను తీసుకుని పోయాను. సబ్బు కంపెనీ సబ్బొకటి, అక్క సబ్బొకటి, రెండూ అవ్వ ముందు బండ మీద పెట్టాను. ఏది ఎక్కడిదో చెప్పమన్నాను. ముఖం మీద నవ్వు కూడా పెట్టుకున్నాను, గెలిచే బేరం ముందు పెట్టుకునే నవ్వు.

అవ్వ రెండూ వాసన చూసింది. గోటితో గీకింది. "రెండు గదే గద బిడ్డా. ఒకటి ఎండింది, ఒకటి కొంచెం పచ్చిగున్నది."

"కాదవ్వా. ఇది అక్క షెడ్డుల చేసింది. గది పెద్ద కంపెనీది."

అవ్వ అక్క వైపు చూసింది. "షెడ్డుల చేసుడేంది? నువ్వు కంపెనీకెల్లి పెద్ద గడ్డలు తెచ్చి ఈడ కోసి అమ్ముతున్నవనుకున్న. గందుకే అగ్గువ ధరకు ఇస్తున్నవనుకున్న."

అక్క వంగి తన సబ్బును బండ మీంచి తీయబోయి ఆగింది.

"మరి గిన్నేండ్లు చెప్పకపోతివేంది బిడ్డా," అన్నది. గొంతు పెంచలేదు. తిట్టలేదు. రెండు సబ్బులూ నావైపు నెట్టి, కొంగుతో చేతులు తుడుచుకున్నది. అక్క సబ్బు మంచిదేనా, బట్టలు బాగా ఉతుకుతున్నదా అని నేను ఏదో అడిగాను. మంచిగనే ఉన్నదన్నది. మంచిగ లేకుంటే ఎందుకు కొంటానన్నది. కానీ ఆ మాట చెప్పేటప్పుడు మా ముఖాలు చూడలేదు. ప్రమాణ పత్రం సంగతి నేను ఎత్తనే లేదు.

తిరిగి వస్తూ అక్క నాకన్నా రెండడుగులు ముందే నడిచింది. మా ఓపెన్‌కాస్ట్ గని వైపు నుంచి బ్లాస్టింగ్ చప్పుడు వచ్చింది, కాళ్ల కింద నేల ఎప్పటిలాగే వణికింది. అవ్వ మన వైపు చెప్పకపోయినా ఫికర్ లేదు, ఇంకొక అవ్వను వెతుకుదాం అన్నాను నేను. అక్క నా ముఖంలోకి ఒక్కసారి చూసి మళ్లీ నడిచింది. ఆ చూపు నా దుకాణంలో పాడైపోయిన కొబ్బరికాయ వెనక్కి ఇచ్చేవాళ్లు చూసే చూపు.

నెలలు పోయాయి. షెడ్డు కిరాయి నడుస్తూనే ఉన్నది. పనిచేసే ఆడవాళ్లు మొదట వారానికోసారి వచ్చి తాళం చూసి పోయేవాళ్లు, తరువాత ఫోను చేసేవాళ్లు. అప్పుడు కోర్టు ఇరువర్గాలనూ మధ్యవర్తి దగ్గరికి పంపింది. పెద్ద హాలు, పొడుగు బల్ల, అటు వాళ్లు ఇటు మేము. ఇన్నాళ్లకు నాకు తెలిసిన చోటు దొరికిందని నేను మనసులో చేతులు రుద్దుకున్నాను. తీర్పు ముందు నేను ఎవణ్ణి, కానీ బల్ల ముందు నేను మా నాన్న కొడుకును.

వాళ్ల వకీలు షరతులు చదివాడు. ఊదారంగు ఇంకెప్పుడూ వాడకూడదు. కాగితాలు, అచ్చు, సబ్బులు అన్నీ నాశనం చేయాలి. నష్టపరిహారం, దావా ఖర్చులు మేము భరించాలి. చివర ఒక వాక్యం. ఆ రంగు, ఆ చార సబ్బు కంపెనీవని తెలిసే, కొనేవాళ్లు వాళ్ల సబ్బనుకుని కొనాలనే వాడామని అక్క ఒప్పుకోవాలి.

నేను మొదలుపెట్టాను. పరిహారం దగ్గర మొదలుపెట్టాను, వదిలేశారు. ఖర్చులు అన్నాను, వదిలేశారు. రంగు కాగితానిది కానీ సబ్బుది కాదు, కాగితం కాల్చండి, సబ్బు మాకు వదలండి అన్నాను. పక్కనున్న సబ్బు కంపెనీ అధికారితో గుసగుసలాడి దానికీ సరే అన్నాడు వకీలు. గంగాళం, చట్రాలు, సరే. నేను అడగడం ఆలస్యం, సరే. ఇంత తొందరగా సరే అనే గిరాకీని చూస్తే దుకాణదారుడు భయపడాలి. అతనికి కావలసింది మనం ధర కట్టని వస్తువు ఏదో మన దగ్గర ఉన్నదని అర్థం.

మా వకీలును వరండాలోకి తీసుకుపోయి అడిగాను, ఎందుకింత మెత్తగా ఉన్నారని.

ఆయన నవ్వాడు కానీ సంతోషంగా కాదు. ఇటువంటి దావాలు వాళ్లు ఊరూరా వేస్తున్నారని చెప్పాడు. తీర్పు ఒకటే, కానీ ప్రతి కొత్త దావాలోనూ ఎవడో లేచి, ఈ రంగు అందరిదీ, బజారులో అందరూ వాడుతున్నారు అంటాడు. అప్పుడు వాళ్లు ఒప్పుకున్నవాళ్ల కాగితాలు జడ్జి ముందు పెడతారు. చూడండి, ఫలానా చోట ఫలానావాళ్లు ఈ రంగు కంపెనీదేనని, తెలిసే వాడామని రాసిచ్చారు అంటారు. "వాళ్లకు మీ సబ్బు వద్దు, మీ పైసలు వద్దు. మీరు రాసిచ్చే గా ముక్క కావాలె. తీర్పు ఒక పునాది అనుకో. గోడ గిట్లాంటి ముక్కలతోనే లేస్తది."

లోపలికి పోయి ఆ వాక్యం తీసేయమని అడిగాను. బదులుగా సబ్బులు వాళ్లే తీసుకోవచ్చన్నాను. చట్రాలు కూడా అన్నాను. నా పుట్టుకలో మొదటిసారి నేను నా వైపు నుంచి తగ్గిస్తూ పోయాను. పోనీ, ఈ కాగితం ఇంకెవరి మీదా చూపించబోమని రాసివ్వండి అన్నాను. వాళ్ల వకీలు మర్యాదగల మనిషి. కోర్టులో దాఖలైనది ఎవరైనా చూడొచ్చు, దానికి తాను తాళం వేయలేనన్నాడు. మిగతావన్నీ మీరే ఉంచుకోండి, ఆ వాక్యం మాత్రం ఉండాలన్నాడు.

అప్పుడు అక్క బల్ల మీదికి వంగింది. మా వకీలును పిలిచి ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పమన్నది. ఆయన చెప్పాడు. ఇంకోసారి చెప్పమన్నది. ఇంకోసారి చెప్పాడు.

"గిండ్ల అబద్ధమేమున్నది తమ్మీ?"

"అబద్ధమని కాదక్కా. నిజమైతె మాత్రం ఎవడన్న రాసిస్తడా? రేపు ఇంకెవల మెడకో సుట్టుకుంటది గిది."

"నాకెరుకే." కాగితాన్ని తనవైపు లాక్కున్నది. "అవ్వ అడిగిననాడు నా నోట్లెకెల్లి మాట రాలే. గియ్యాల ఈడ కూసొని నాకు తెల్వదని చెప్పాల్నా? తెలిసే పెట్టిన. ఊదా అయితెనే కొంటరని పెట్టిన. కొన్నరు."

నేను చెప్పగలిగింది చాలా ఉన్నది. బజారంతా అంతే అని, మన నాన్న నేర్పిందే అని, ఆ పెద్ద కంపెనీ కూడా మొదట ఎవరి రంగో చూసి పెట్టుకుని ఉంటుందని. అక్క అప్పటికే పెన్ను అందుకున్నది. అక్క తెలుగులో సంతకం పెట్టింది, గల్లా పక్కన నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో. వాళ్ల వకీలు ఆ కాగితాన్ని తీసుకున్న తీరు చూశాను. పెళ్లిలో బంగారం తీసుకున్నట్టు రెండు చేతులతో తీసుకున్నాడు.

షెడ్డు తెరిచిన రోజు లోపల సున్నం వాసన, ఎలుకల వాసన. ఊదా కాగితాలన్నీ వెనక గుంటలో వేసి సబ్బు కంపెనీ మనిషి ముందు కాల్చాం. ప్లాస్టిక్ పూత వేసిన కాగితం సరిగ్గా మంట పట్టదు, నల్లటి ముద్దలా కరిగి కూర్చుంటుంది, అందుకని కిరోసిన్ పోయాల్సి వచ్చింది. అచ్చును సుత్తితో కొట్టి వంచారు. చట్రాల్లో అప్పుడు పోసిన పచ్చి సబ్బు బండ అయిపోయింది, తీగ దిగలేదు. బావ గడ్డపార తెచ్చాడు. రోజంతా బాయిలో బొగ్గు కొట్టిన చేతులతో సాయంత్రం సబ్బు కొట్టాడు. వంకర టింకర గడ్డలుగా ఊడివచ్చింది. బొగ్గు అయితే కనీసం టన్నుల లెక్కన పోతుంది గదా అని నేను జోకు వేశాను. ఎవరూ నవ్వలేదు, బావ కూడా.

అక్క తెల్ల కాగితం చుట్టి అమ్మి చూసింది. మళ్లీ గంగాళం ఎక్కించింది, మిగతా ముగ్గురూ మళ్లీ వచ్చారు. కానీ గిరాకీలు తెల్ల కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, ఇది నకిలీదా అని అడిగేవాళ్లు. ఇన్నేళ్లు వాళ్ల బట్టలు ఉతికిన అసలు సబ్బు సొంత బట్టల్లో వచ్చేసరికి దొంగదైంది. ఈసారి అక్క ఎవరికీ గదే ఇది అని చెప్పలేదు. నేను చేసిన సబ్బు, వేరేది అని ప్రతి ఒక్కరికీ చెప్పింది. ఆ అవ్వకు కూడా ఒకటి ఊరికే పంపింది. అవ్వ తీసుకున్నది, మళ్లీ కొనడానికి మాత్రం రాలేదు. ఎండాకాలం వచ్చేసరికి అమ్ముడుపోని సబ్బులు ఎండి, కుంచించుకుపోయి, కాగితాల్లో గలగలమన్నాయి. పనిచేసే ఆడవాళ్లలో ఒకామె కాలనీలో ఊడ్చే కాంట్రాక్టు పనిలో చేరింది. ఒకామె పుట్టింటి ఊరికి పోయింది. ఇంకొకామె రోజూ వస్తానంటూనే రావడం మానేసింది. అక్క షెడ్డు తాళంచెవి యజమానికి ఇచ్చేసి వచ్చింది. ఇప్పుడు మధ్యాహ్నాలు నా దుకాణంలో కూర్చుంటుంది. మా అరల్లో సబ్బు కంపెనీ సబ్బే ఉన్నది. నేను అమ్ముతున్నాను. పౌరుషానికి పోయి అమ్మడం మానేద్దామనుకున్నాను గానీ, పక్క దుకాణం వాడు లాభపడతాడని మానుకున్నాను.

పోయిన చలికాలంలో ఒక మధ్యాహ్నం గోదావరి అవతల నుంచి, శ్రీరాంపూర్ వైపు నుంచి ఒక పెద్దమనిషి అక్కను వెతుక్కుంటూ వచ్చాడు. బాయి నుంచి రిటైరయ్యాడట. భార్య, కోడలు కలిసి ఇంటి వెనక సబ్బు చేస్తారట. ఆయన సంచిలోంచి తమ సబ్బు తీసి చూపించాడు. అది ఊదా కూడా కాదు, నీలం. కొంచెం ముదురు నీలం. దాని మీదా దావా పడింది. దావా కాగితాల్లో అక్క రాసిచ్చింది జతచేసి ఉన్నదట, వాళ్ల వకీలు చదివి చెప్పాడట.

అక్క ఆయనకు స్టూలు వేసింది. ఆయన కూర్చుని, మొదట నీళ్లు తాగి, తరువాత మెల్లగా అడిగాడు.

"చెల్లె, నువ్వొక్కమాట చెప్పాలె. చదువకుండ సంతకం పెట్టిన అని చెప్పు. భయపెట్టి పెట్టిచ్చుకున్నరని చెప్పు. మా వకీలు రాసుకుంటడు."

"రెండుసార్లు చదివిపిచ్చుకొని పెట్టిన అన్నా," అన్నది అక్క.

ఆయన తలూపాడు. ఆ జవాబు ముందే తెలిసి వచ్చినట్టే ఉన్నాడు. అక్క మీద కోపం కూడా చూపలేదు. నా వైపు తిరిగి, మాకు ఏమేం వదిలిపెట్టారని అడిగాడు. అప్పటిదాకా గల్లా సర్దుతున్నట్టు నటిస్తున్నాను నేను. చెప్పాను. పరిహారం వదిలారు, ఖర్చులు వదిలారు, సబ్బులు, గంగాళం, చట్రాలు వదిలారు. చెప్తూ చెప్తూ నా గొంతులో ఎక్కడో బేరం గెలిచినవాడి తీరు వచ్చిందేమో, మధ్యలో ఆపేశాను.

"నాకు గవేవి ఇస్తలేరు," అన్నాడాయన. "నేను సుత రాసిస్త అన్న. తెలిసే పెట్టిన అని రాసిస్త, సబ్బులు ఇడువుండ్రి అన్న. అవసరం లేదన్నరు. గసొంటి కాగితం వాళ్ల దగ్గర ముందే ఉన్నదట."

అక్క చేతిలో గ్లాసు అలాగే ఉన్నది.

"నువ్వు బేరం చేసేటోనివట గద తమ్ముడూ, ఆడ అందరు చెప్పిండ్రు," అన్నాడు. "మరి నా దగ్గర వాళ్లకు అమ్మెటందుకు ఇగ ఏమున్నదో నువ్వన్న చెప్పు."

నేను చాలాసేపు ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను, ఆయన్ను పంపించడానికి కాదు. ఆయన కూడా తొందరపెట్టలేదు, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నా నోటివైపే చూస్తూ కూర్చున్నాడు.

లేదని చెప్పాను.